బానెట్ కింద వంకర వెల్డింగు

ఆదివారం

కంపెనీ బిగించిన పెట్రోల్ ఇంజనుతోనే మిగిలిన పాత అంబాసిడర్ ఒక్కటైనా దొరుకుతుందని ఇవాళ గోపాలపట్నం వెళ్ళేను. టాక్సీ తోలడం మానేసిన అప్పలనాయుడు తన బండి చూపించేడు. బానెట్ ఎత్తితే మళ్ళీ డీజిల్ ఇంజనే!

"ఏ దరిద్రుడు మార్సేడు బావా దీన్ని?" అని మండిపడ్డాను.

ఆడు నవ్వేడు. "ఏటి బావా, మర్సిపోయావా? డీజిలైతే గిట్టుబాటవుతాదని నువ్వే కదా నీ షెడ్లో మార్సేవు!"

వంగి చూసేను. ఇంజను కూర్చోబెట్టడానికి కింద వేసిన ఆ వంకర వెల్డింగు నాదే. అప్పట్లో తీసిన ఇంజను మేస్త్రీకే వదిలేసేవారు. పూర్ణా మార్కెట్లో పాత ఇనుముకి వేసేసుంటాను. అలాంటివి ఎన్ని వేసేనో...

అయినా వెతకడం ఆపను. రేపు మల్కాపురంలో ఇంకో బండి ఉందట. డీజిల్ ఇంజను కనబడితే ముందు వెల్డింగు చూస్తాను. తిట్టడం తర్వాత.