ఆకుపచ్చ చిమ్మట పటం

నాంపల్లి, హైదరాబాదు
మార్గశిరం, 1946

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి శశికళకు నీ బావ దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. అక్కడ మామయ్య, అత్తమ్మ, నర్మద వదిన, ఆమె కూతురు, అందరికన్నా ముందు నువ్వు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. అమ్మ మోకాళ్ల నొప్పి గురించి అడిగావు. సుల్తాన్ బజార్ వైద్యుడి నూనెతో కొంత నయం. నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వదు. "శశి వచ్చేదాంక గిట్లనే నడుస్తది" అంటుంది.

దుకాణం సంగతి. అబిడ్స్‌లో పటాలు కట్టించుకునేవాళ్లు ఈ నెల బాగానే వస్తున్నారు. విలాయతుకు వెళ్లిపోతున్న ఒక ముసలి డాక్టరు దొర బంగళా సామానంతా అమ్ముతూ, కుట్లు ఊడిన పాత బొమ్మల పుస్తకం ఒకటి నాకిచ్చాడు. అన్నీ చిమ్మటలే, దీపాల దగ్గరికి వచ్చి పడే ఆ రెక్కల పురుగులు. నూరేళ్ల కిందట అచ్చువేసి, ఒక్కొక్క రెక్కకూ చేత్తో రంగు అద్దారట. పురుగుల బొమ్మలు గోడకు ఎవరు పెట్టుకుంటారనుకున్నాను. రెండు పటాలు కట్టి దుకాణం ముందు పెడితే సాయంత్రానికే అమ్ముడుపోయాయి. రెక్కల మీది నూగు కూడా కనబడేటట్టు గీశారు, శశీ. అద్దం బిగించేటప్పుడు ఆ నూగు చెదిరిపోతుందేమోనని ఊపిరి బిగబట్టేవాణ్ణి.

ఒక్కటి మాత్రం అమ్మలేదు. అరచెయ్యంత చిమ్మట, లేత ఆకుపచ్చ, కింది రెక్కలకు పొడుగాటి తోకలు. ఒక వకీలు భార్య అడిగితే, "గది అమ్మేది కాదమ్మా" అన్నాను. "మరి ఎవరి కోసం?" అంటే పటం తీసి లోపల పెట్టాను. మన పాప పుట్టకముందు దానికోసం నువ్వు కుట్టిన జుబ్బా సరిగ్గా ఆ రంగే.

ఇక ఇంతసేపూ రాయాలా వద్దా అని ఆపుకున్న మాట. పోయిన శుక్రవారం నేను నిజామాబాదు వచ్చాను. ఆ పటం నీ చేతికివ్వాలని గుడ్డలో చుట్టుకుని, కాచిగూడలో పొద్దటి బండి ఎక్కాను. మీ వీధి మలుపు తిరిగేసరికి నువ్వు అరుగు మీద నర్మద వదిన కూతురికి జడ వేస్తున్నావు. అది తల తిప్పుతూ ఏదో అంటే నవ్వావు. పాప పోయాక నీ నవ్వు వినడం అదే మొదలు. నన్ను చూస్తే నీకు దవాఖానే గుర్తొస్తుంది. పైగా నా చేతిలో ఆ రంగు. వెనక్కు తిరిగాను.

ఎవరినో బండెక్కించడానికి వచ్చిన మామయ్య స్టేషన్లో నన్ను చూశాడు.

"ఏంది ఇంద్రసేనా, గీడిదాంక వచ్చి ఇంటికి రాకుండ కూసున్నవ్?"

"శశి నవ్వుతున్నది మామా. నేను పోతే ఆగిపోతది."

మామయ్య నా పక్కన కూర్చున్నాడు. "గా నవ్వు చిన్నపోరి ముందటనే. పొద్దుగూకినంక నా దగ్గర కూసోని ఒక్కటే అడుగుతది, బావ ఎందుకు వస్తలేడు, నా మీద కోపమా అని. నేనేం చెప్పాలె?"

నేను వచ్చినట్టు నీకు చెప్పొద్దని ఆయన్ను బతిమాలి బండెక్కాను.

నీ మీద కోపమెందుకు, శశీ? ఉత్తరం చివర నువ్వు అడిగినదానికి జవాబు ఇప్పుడు రాస్తున్నాను. జుబ్బా కోసం పెట్టె వెతకమన్నావు. అది పెట్టెలో లేదు. నువ్వు దవాఖానాలో జ్వరంతో తెలివి లేకుండా ఉన్న రోజు, పాపకు అదే తొడిగి మట్టి చెయ్యడానికి తీసుకెళ్లాను. గుండీలు నేనే పెట్టాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నువ్వు అడుగుతావని భయపడ్డాను, అడిగితే బాగుండుననీ అనుకున్నాను.

వచ్చే బేస్తవారం వస్తున్నాను. పటం నీకు చూడాలనిపిస్తేనే విప్పుతాను. నాతో రావాలనిపించకపోతే నేనే అక్కడ కొన్నాళ్లు ఉంటాను. పాప కోసం మనిద్దరం ఒక్కచోట కూర్చుని ఇంతవరకూ ఏడవనేలేదు.

ఇట్లు,
నీ బావ
ఇంద్రసేన