హార్డ్ డిస్క్‌లో రాజవ్వ పిలుపు

మంగళవారం, రాత్రి

మా ఇంటిది రాజవ్వ పోయినప్పటి నుంచి గొర్లు నా పిలుపుకు రావడం లేదు. ఆమె గొర్లను పిలిచే వీడియో హార్డ్ డిస్క్‌లో ఉంది. మనవరాలు లత దాన్ని ట్యాబ్‌కు తగిలిస్తే టిక్కుటిక్కుమంది తప్ప తెరుచుకోలేదు.

"దీనికి కరెంటు చాల్తలేదు తాతా."

"నీ లెక్కనే, చాయ్ పొయ్యంది లేవదు!"

కరెంటు అందేటట్టు లత మధ్యలో ఛార్జర్ పెట్టే డబ్బా ఒకటి కలిపింది. తెరుచుకుంది. ట్యాబ్‌ను దొడ్డిలోకి తీసుకుపోయి, ఆ వీడియో సౌండ్ పెంచి పెట్టాం. గొర్లన్నీ ఉరికొచ్చాయి. ట్యాబ్‌ను వాసన చూసి, రాజవ్వ కోసం గేటు దిక్కు తిరిగి అరిచాయి.

"ఇంకోసారి పెట్టాల్నా తాతా?"

"బంద్ చెయ్ బిడ్డా."

ఇన్నేళ్లు ఉత్తుత్తి మాటలతో ఊరందరినీ ఆటపట్టించాను. ఎవరూ ఇట్లా నమ్మి ఉరికి రాలేదు. గొర్లు ఇంకా అరుస్తున్నాయి. రేపు వీటిని ఏ ముఖంతో పిలవాలి...