కుడిమూల నల్లచుక్క

ఏమండీ,

నిన్న మీ సంవత్సరీకం అయింది. ఇవాళ మనవరాలు నన్ను రాజోలు తీసుకెళ్లింది. మీరు ముప్పయ్యేళ్లు ఆపరేటరుగా రీళ్లు తిప్పిన హాల్లో, మన కాలం నాటి సినిమా ఒకటి కంప్యూటర్లో శుభ్రం చేసి మళ్లీ వేస్తున్నారు. మరునాడే సినిమాయేమిటని మీ చెల్లెలు మొహం ముడుచుకుంది. ముడుచుకోనివ్వండి, ఆవిడకి అలవాటే.

బొమ్మ మీద ఒక్క గీత లేదు. మీ చేతిలో హీరోయిన్ ఎప్పుడూ వానలోనే ఉండేది.

రీలు అయిపోయే ముందు తెర కుడిమూల నల్లచుక్క పడేది కదా. అది చూసి మీరు రెండో మిషను అందుకునేవారు, నేను హాల్లో కుర్చీలోంచి వెనక్కి తిరిగేదాన్ని. రీలు మారగానే మీ మిషను గది గోడకన్నంలోంచి నాకోసం టార్చి ఒకసారి వెలిగించేవారు. ఓసారి ఆ తొందరలో ఎనిమిదో రీలు బదులు మూడోది ఎక్కించారు. చచ్చిపోయిన తండ్రి లేచొచ్చి కాఫీ అడిగాడు. హాలంతా ఈలలు.

ఇవాళ చుక్క పడలేదు. ఇంటర్వెల్లో ఆపరేటర్ని అడిగాను.

"అవన్నీ మచ్చలని తుడిచేసేరండీ మామ్మగారూ. ఇప్పుడు రీళ్లే లేవు కదండీ."

"మరి నువ్వేం చేస్తావయ్యా?"

"బటను నొక్కి కూర్చోడమేనండి, ఆయ్."

వెనక్కి ఎప్పుడు తిరగాలో తెలియక, చివరిదాకా తెరవైపే చూస్తూ కూర్చున్నాను. ఆ కథ పూర్తిగా చూడడం ఇదే మొదటిసారి. ఏమంత బాగాలేదండీ.

మీ
సుభద్ర