గడువు తీరని ఫండ్

జూన్ 4

ఫండ్ విలువ మళ్లీ తగ్గింది. పెట్టినదానికంటే కిందికే ఉంది. రిటైరయ్యాక చేతికొచ్చినదంతా అందులోనే. మరిది శ్రీనివాస్‌కు ఫోన్ చేస్తే— "బాండ్లు వొదినా, షేర్లు కావు. ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటివే. కంగారెందుకేటి?"

ఫిక్స్‌డ్ డిపాజిట్ తగ్గడం ఎవరు చూశారు? చెల్లెలి మొగుడు, పైగా బ్యాంకు ఉద్యోగి అని నమ్మి, తను వేలు పెట్టి చూపిన చోటల్లా సంతకం చేశాను. దీపావళిలోపు రైల్వే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఉస్లాపూర్‌లో కొంటున్న ఫ్లాట్‌కు కట్టాల్సిన డబ్బు అది. ఆ సంగతి శ్రీనివాస్‌కు తెలుసు. తెలిసే...

జూన్ 5

ఫోన్ ఎత్తడం లేదు.

జూన్ 9

వ్యాపార్ విహార్‌లో వాళ్ల బ్రాంచికే వెళ్లాను. శ్రీనివాస్ సెలవులో ఉన్నాడట. ఫండ్లు చూసే అమ్మాయి నవ్వుతూ, "ఇండెక్స్ గిరా, తో ఫండ్ భీ గిరా, మేడమ్" అంది. సూచీ పడింది కాబట్టి ఫండ్ పడింది. సూచీ వెనకే నడవడం ఫండ్ పనట, ఆ పని సరిగ్గానే చేసిందట! బండి లేటు కాబట్టి మీరూ లేటు అని నేను డ్యూటీలో ఏ ప్రయాణికుడితోనైనా అని ఉంటే ఊరుకునేవాడా?

ఏ సూచీ, అందులో ఏముంది అని అడిగాను. నవ్వు ఆపి, ఒక బ్రోచరు నా చేతిలో పెట్టింది.

జూన్ 12

చదువుతున్నాను. చదివేకొద్దీ ఒళ్లు మండుతోంది.

బాండంటే అప్పు. నా దగ్గరున్నది పాత వడ్డీకి ఇచ్చిన అప్పు. బయట కొత్త అప్పులకు ఎక్కువ వడ్డీ వస్తుంటే నా పాతది ఎవరు కొంటారు? ధర తగ్గిస్తేనే కొంటారు. గడువు ఎంత దూరముంటే దెబ్బ అంత పెద్దది. నాకు అంటగట్టింది చాలా ఏళ్ల గడువున్న బాండ్ల సూచీ ఫండ్. దీపావళికి కావలసిన డబ్బుకు!

జూన్ 13

ఇంకో విడ్డూరం. ఈ సూచీలో పెద్ద వాటా ఎవరిది? ఎక్కువ అప్పు చేసినవాడిది. ఎంత అప్పు చేస్తే నా డబ్బు అంత ఎక్కువగా వాడికి. ఇది ఎవరికీ వింతగా లేదా?

జూన్ 15

చెల్లెలింట్లో భోజనం. అడగకూడదనుకున్నాను. అడిగేశాను.

"మెచ్యూరిటీ దాకా ఆగితే అంతా వొచ్చేస్తాది వొదినా."

"ఎవరి మెచ్యూరిటీ? గడువు దగ్గరపడిన బాండును సూచీలోంచి తీసేస్తారు, దూరం గడువుది మళ్లీ కొంటారు. మరి ఈ ఫండ్‌కు గడువెప్పుడు తీరుతాది?"

శ్రీనివాస్ కూర గిన్నె నా వైపు జరిపాడు. చెల్లెలు పద్మ మాత్రం, "అన్నం దగ్గర ఏటే అక్కా ఇది? ఆయన కావాలని చేసేడా?" అంది. ఎప్పుడూ మొగుడి పక్షమే. పదేళ్లు ఆగగలిగేవాళ్లకు మంచి ఫండే కావచ్చు, కొత్త బాండ్ల ఎక్కువ వడ్డీ మెల్లగా నష్టాన్ని పూడుస్తుంది. నేను ఆగలేనని తెలిసి నాకెందుకు పెట్టాడు? చెయ్యి కడుక్కుని ఆటో ఎక్కేశాను.

జూన్ 16

బిల్డర్ ఫోన్. దీపావళి దాకా కుదరదట, ఫ్లాట్ డబ్బు వచ్చే నెలే కట్టాలట.

జూన్ 18

శ్రీనివాస్ ఒక్కడే వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. తిట్టడానికి మాటలన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను. ముందు తనే—

"పద్మతో అనకండి వొదినా. పాప కాలేజీకి దాచింది కూడా అందులోనే పెట్టేను. దానికి తెలీదు."

"చదివే పెట్టేవా?"

"అందరికీ అమ్మమన్నారు. మంచిదే అనుకున్నాను."

తెలియక. అంతే! మోసమైతే తిట్టి ఊరుకునేదాన్ని. తెలియని సంగతిని అంత ధీమాగా ఎలా చెప్పాడు నాకు? ఆ అమ్మాయి అంత నవ్వుతూ ఎలా చెప్పింది? పైనుంచి అమ్మమన్నవాళ్లు ఎక్కడ కూర్చున్నారు?

వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "ఫీజు ఈ ఏడే కట్టాలి. ఇప్పుడు నన్నేటి చెయ్యమంటారు వొదినా?"

నన్ను అడుగుతున్నాడు!

జూన్ 19

ఫ్లాట్‌కు కావలసినంత వరకు అమ్మేశాను. నష్టానికే. మిగిలింది ఉంచాను.

సాయంత్రం పద్మ ఫోన్. "ఆయన నిన్న మీ ఇంటికొచ్చేడా అక్కా? ఏటన్నాడు? రాత్రి నుంచి ఏటోలా ఉన్నాడు."

రాలేదని అనలేకపోయాను. పొయ్యి మీద పప్పుంది, మళ్లీ చేస్తానని పెట్టేశాను.

పొయ్యి మీద ఏమీ లేదు.