వదినకు చెప్పనిది

ఆదివారం, డిసెంబరు 1963. క్యాంప్ 2, కార్మికుల బస్తీ.

ఈ వారం లైబ్రరీ పుస్తకాలు నాలుగు చదివాను. తిమింగలం కూడా పిల్లకు పాలిస్తుందట. ఆరిపోయిన నక్షత్రాల వెలుగు కూడా మనకు కనబడుతుందట. ఇవన్నీ వదినకు చెప్పాను. ఒక్కటి చెప్పలేదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి వాసన లేని విషం వదులుతుందట. దాంతో చనిపోయినవాళ్ళ బుగ్గలు ఎర్రగా ఉంటాయట.

పోయిన చలికాలం అన్నయ్యకు జ్వరమని కుంపటి పెట్టి, తలుపేసి, పిల్లలతో పక్కగదిలో పడుకుంది వదిన. తెల్లారి, "బుగ్గలెర్రగున్నాయి, బతికే ఉన్నారు, తీసికెళ్ళకండి" అని ఒకటే ఏడుపు. బతికుండగానే కాల్చేశామేమోనని ఏడాదిగా నాకు నిద్ర లేదు. ఆ భయం తీరింది. కానీ…

ఇందాక పిల్లల గదిలో కుంపటి పెట్టింది. తీసుకెళ్ళి వాకిట్లో పెట్టేశాను.

"పిల్లలకి చలేస్తాది. ఏటి బాబూ, అలా తీసీసినావు?"

"పొగొస్తోంది వదినా."

పొగేమీ లేదు. తను నా మొహం వంకే చూస్తూ నిలబడిపోయింది.