అడుగున అమ్మ పేరు

డేటన్, ఏప్రిల్

ప్రియమైన విల్డాకి,

నిన్న జేన్స్‌విల్ పాత వస్తువుల సంతలో అమ్మ రంగులు వేసిన పూలకూజా ఇంకొకటి దొరికింది. లేత పసుపు గాజు, చుట్టూ నీలం పూలు. తిరగేస్తే అడుగున సన్నటి అక్షరాల్లో ‘ఇర్మా’. దుకాణంవాడి ముందు ముఖం మామూలుగా పెట్టడానికి నేను పడ్డ అవస్థ నువ్వు చూడాల్సింది. పక్కనున్న ముసలావిడ “ఏమ్మా, మీవాళ్ళ సొమ్మా? అలా గుండెకు హత్తుకున్నావ్?” అంది. మా అమ్మదేనంటే నమ్మలేదు.

గాజు ఫ్యాక్టరీలో అమ్మ చివరి రోజుల్లో చేసిన పనే నాకు ప్రాణం. అంతకు ముందు ఆకులు అచ్చు గుద్దినట్టుండేవి. చివర్లో గాలికి ఊగుతున్నట్టుంటాయి. వయసు మళ్ళాక చేయి అంత తేలికవడం నేనెక్కడా చూడలేదు.

నేను పోగుచేసినవన్నీ మ్యూజియంవాళ్ళు తీసుకుని, అమ్మ పేరున ఒక గది పెడతామన్నారు. నీ దగ్గరున్న అమ్మ గాజు దీపం కూడా పంపు. దాని పూలు కాస్త వంకర. అయినా వెనక వరసలో పెట్టిద్దాం.

ప్రేమతో,
నీ అక్క నదీన్

---

ప్రియమైన అక్కకి,

దీపం పంపను. వెనక వరసలో నిలబడాల్సిన ఖర్మ దానికేం పట్టలేదు.

ఇక్కడ కొండల మీద అడవి ఉల్లి మొలిచింది. శనివారం చర్చిలో భోజనాలు. బంగాళాదుంపలతో వేయిస్తాం, పక్కన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె. ఆ కంపు నీకు పడదని తెలుసు, అయినా రా. అమ్మ గురించి నీకో మాట చెప్పాలి. కాగితం మీద రాసే మాట కాదు. ఆవిడను మట్టిలో పెట్టిన రోజే చెబుదామనుకున్నాను. నువ్వు బస్సుకు వేళైందని వెళ్ళిపోయావు.

ఎదురుచూస్తూ,
విల్డా

---

డేటన్, జూన్

ప్రియమైన విల్డాకి,

రాలేకపోయాను, ఏమీ అనుకోకు. ఇండియానాలో ఎవరి దగ్గరో అమ్మ గిన్నె ఉందంటే అటు పరిగెత్తాను. తీరా చూస్తే అది వేరే ఎవరో వేసింది. చేయి చూడగానే తెలిసిపోయింది. అమ్మ చేతిని నేను చీకట్లోనైనా గుర్తుపడతాను.

దీపం సంగతి మళ్ళీ అడుగుతున్నాను. నీకు కోపమొచ్చినా సరే, ఒక మాట. నువ్వు బతుకంతా అదే ఫ్యాక్టరీ ప్యాకింగ్ గదిలో పెట్టెల్లో గడ్డి కూరినదానివి. కుంచె పట్టినదానివి కాదు. అది అక్కడ నీ వంటింటి అరలో నూనె జిడ్డు పట్టడం తప్ప ఎవరికి ఉపయోగం?

నీ అక్క,
నదీన్

---

ఆగస్టు

అక్కా,

అయితే కాగితం మీదే చెబుతాను.

చివరి మూడేళ్ళు అమ్మ వేళ్ళు కీళ్ళనొప్పులతో ముడుచుకుపోయాయి. కుంచె నిలిచేది కాదు. పింఛనుకు ఇంకా గడువుంది, ఈలోగా పంపించేస్తే ఆ చాకిరీ అంతా నీళ్ళపాలు. నేను నా పెట్టెల పని అయ్యాక వెళ్ళి ఆవిడ బల్ల దగ్గర కూర్చునేదాన్ని. పూలు నేను వేసేదాన్ని, అడుగున పేరు మాత్రం ఆవిడ కష్టపడి రాసేది. గదిలో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఒక్కరూ బయటపెట్టలేదు. “త్వరగా కానియ్యవే, మేస్త్రి కాఫీ అయిపోవచ్చింది” అని వాళ్ళే తొందరపెట్టేవాళ్ళు.

అమ్మ మానేశాక నాకో బల్ల ఇమ్మని అడిగాను. నేను వేసిన పళ్ళెం చూసి మేస్త్రి, “బాగానే ఉంది గానీ, ఇది మీ అమ్మ చేతికి నకలు. సొంతంగా ఏదైనా నేర్చుకుని రా” అన్నాడు. నేనేం చెప్పగలను? తిరిగి గడ్డి దగ్గరికి పోయాను.

నువ్వు వంకర పూలన్న ఆ దీపం అమ్మ ఆఖరుసారి తన చేత్తో వేసింది. అందుకే పంపను. మ్యూజియంలో మాత్రం ఏమీ మార్చకు. అది అమ్మ పేరు.

విల్డా

---

డేటన్, అక్టోబరు

నా ప్రియమైన విల్డా,

ఎన్నిసార్లు రాసి చింపానో. నువ్వు వద్దన్నా మ్యూజియంకు వెళ్ళాను. అక్కడి అధికారిణి ఓపికగా విని, “అడుగున సంతకం ఒకటుండగా మేం ఇంకో పేరు రాయలేమండీ” అంది. గది తెరిచారు. అందరూ మెచ్చుకున్నారు. నేను ఒక మూల నిలబడ్డాను.

సంతలన్నీ తిరిగి ఇన్నేళ్ళూ నేను వెతికింది నిన్నే. నీ ఇంటికి మాత్రం రాలేదు. పిలిచినప్పుడైనా రాలేదు. పైగా కుంచె పట్టనిదానివన్నాను. ఆ మాట ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియడం లేదు.

ఈ నెలాఖరుకు వస్తున్నాను. తెల్లటి కూజాలు, రంగులు, మంచి కుంచెలు కొన్నాను. రంగు గాజుకు పట్టేలా కాల్చిపెట్టడానికి ఇక్కడొక కొలిమివాడు ఒప్పుకున్నాడు. ఈసారి అడుగున నీ పేరు రాయి.

క్షమించమని అడిగే ధైర్యం లేని,
నదీన్

---

అక్కా,

కుంచెలు కొన్నచోటే తిరిగిచ్చెయ్. అమ్మకొచ్చిన నొప్పే నాకూ వచ్చి రెండేళ్ళయింది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఒక పూట పట్టింది, ఆగస్టు ఉత్తరానికైతే వారం.

నువ్వు మాత్రం రా. ఆ నీలం పూల కూజా ఒళ్ళో పెట్టుకుని కూర్చో, ఏ ఆకు ఎలా వేశానో అడుగు. చెప్పడానికి నోరు బాగానే ఉంది.

నీ చెల్లెలు,
విల్డా