బెయిల్ వచ్చినా

జూన్ 3
ఇరవై మందికి కట్టిన బ్యారక్‌లో ముప్పై ఎనిమిది మందిమి. ఒకటే లెట్రిన్, దానికి తలుపు లేదు. కొత్తగా వచ్చినవాడు దాని పక్కనే పడుకోవాలి. ఎవరైనా విడుదలైతే అందరూ ఒక చోటు ముందుకు జరుగుతారు. కొట్లాట కేసులో వచ్చిన నేను మూడు నెలల్లో కిటికీ దాకా వచ్చా. సుబ్బరాయుడు గారికి అరవై ఎనిమిదేళ్లు, ఉబ్బసం. వచ్చి పదకొండు రోజులు, ఇంకా లెట్రిన్ పక్కనే. నా చోటు ఆయనకిస్తానంటే మిగతావాళ్లు ఒప్పుకోలేదు. వరస వరసేనట.

జూన్ 6
నా కేసు వాయిదాకి తీసుకెళ్తే నందిగామ కోర్టులో లాయర్ రాజ్యశ్రీ గారు కలిశారు. బ్యారక్‌లో ఇరుకు, లెట్రిన్ సంగతి రాసి నేను సంతకం పెట్టిన పిటిషన్ హైకోర్టులో వేసేశారట. పిటిషనర్ అన్సార్, లారీ డ్రైవర్, జగ్గయ్యపేట. నా పేరు టైపులో చూసుకుని పొంగిపోయా.
వేయకముందు సుబ్బరాయుడు గారిని కూడా సంతకం పెట్టమంటే దణ్ణం పెట్టారు. మనకెందుకు బాబూ, అన్నం పెట్టేది వాళ్లేగా అన్నారు. ఇంకెవరూ పెట్టలేదు.

జూన్ 11
జైలర్ పిలిచి టీ ఇప్పించాడు. తిట్టలేదు. అదే భయంగా ఉంది.

జూన్ 19
బెయిల్ వచ్చింది. నా భార్య వజీరా పెనుగంచిప్రోలు వెళ్లి ఇద్దరు మిర్చి రైతుల్ని షూరిటీకి ఒప్పించింది. ములాఖత్‌లో జాలీ అవతల నవ్వుతూ నిలబడింది.
నేను బయటికొస్తే పిటిషన్ మూసేస్తారని లాయర్ గారు ముందే చెప్పారు. లోపల లేనివాడికి లోపలి బాధేంటంటారట. పిటిషన్ వాయిదా ఇంకో పది రోజులుంది. షూరిటీలు అప్పటిదాకా ఆపమన్నా. మీకేమన్నా పిచ్చా, పిల్ల రోజూ గుమ్మంలోనే కూర్చుంటంది అంది వజీరా. ఏడుపొచ్చింది. తల దించుకున్నా.

జూన్ 23
పొద్దున సుబ్బరాయుడు గారు నా పక్కన కూలబడ్డారు. బెయిలొచ్చిందంటగా, ఎప్పుడెళ్తన్నావ్ బాబూ అని అడిగారు. నువ్వెళ్తే నేనో చోటు ముందుకి జరుగుతా, కాస్త ఊపిరాడుద్ది అన్నారు.
పిటిషన్ గురించి చెప్పబోయా. మానేశా. ఎవరి కోసం ఆగానో ఆయనకే అడ్డంగా కూర్చున్నా. షూరిటీలు కట్టించమని వజీరాకి కబురు పెట్టా.

జూలై 1
ఇంట్లో ఉన్నా. పిటిషన్ మూసేశారు. కొత్తది వేయాలంటే లోపలున్నవాళ్ల సంతకమో వేలిముద్రో కావాలట.

జూలై 4, జైలు గేటు
బంధువులనే లోపలికి పంపుతారట. ములాఖత్ కాగితం నింపా. ఖైదీ పేరు సుబ్బరాయుడు. వచ్చినవారి పేరు అన్సార్. ఖైదీకి ఏమవుతారు అన్నచోట కొడుకు అని రాశా. సెంట్రీ రెండుసార్లు చదివి, అక్కడ కూర్చోమన్నాడు.
కూర్చునే ఉన్నా.